నలభై రెండు చింతగింజలు

నడిగూడెం నుంచి మిర్యాలగూడ దాకా కాలువ వెంబడి ఎవరినైనా అడగండి. ఒక్క చూపులో గొర్రెల మందను లెక్కగట్టే మనిషి ఎవరంటే పరశురాములు పేరే చెప్తారు. ఆ పరశురాములు నేనే. మా ఊరి బడిలో నాలుగో తరగతి దాకా చదివాను, అదీ పంతులుగారు ఊళ్లో ఉన్న రోజుల్లో మాత్రమే. అయితేనేం, మంద ఎదురుగా వస్తుంటే చుట్ట వెలిగించి రెండు దమ్ములు లాగేలోపు ఎన్ని ఉన్నాయో చెప్పేసేవాణ్ణి. అందులో పొట్టేళ్లెన్ని, చూడివెన్ని, కుంటివెన్ని, అదీ చెప్పేవాణ్ణి. ఒకసారి కోదాడ అవతల లారీలో పోతున్న గొర్రెల్ని, ఆ లారీ నన్ను దాటిపోయేలోపు లెక్కపెట్టి, "నూట పదహారు, అందులో ఒకటి రేపు ఈనుతుంది" అని అరిచాను. డ్రైవరు లారీ ఆపి, దిగొచ్చి నాకు దండం పెట్టాడు. గొర్రె మాత్రం రేపటిదాకా ఆగలేదు. పరశురాములు మాటిచ్చాడు కదా, ఆలస్యమెందుకని అక్కడే ఈనింది.

ఇంత పేరున్నవాణ్ణి, ఆ పేరునే అడ్డం పెట్టుకుని ఒక ఆడపిల్లను నలుగురిలో తలదించుకునేలా చేశాను. ఆ పిల్ల పరాయిది కాదు, నా మనవరాలు.

పేరు స్రవంతి. నా పెద్దకొడుకు బిడ్డ. కోదాడలో ఎంసీయే చదివింది. హైదరాబాదులో రెండేళ్లు ఏదో కంపెనీలో సాఫ్ట్‌వేర్ రాసి, ఒకరి కింద ఎన్నాళ్లని సూర్యాపేటకు తిరిగొచ్చింది. బస్టాండు దగ్గర ఫొటో స్టూడియో మీది గది కిరాయికి తీసుకుంది. రెండు కంప్యూటర్లు, ఒక ఫ్యాను, తనతో చదువుకున్న గోపిక అనే పిల్ల. అదే వాళ్ల ఆఫీసు. నా కొడుకు ఏడాది గడువు పెట్టాడు. ఏడాదిలోపు ఒక్క పెద్ద పనైనా చేసి నిలబడితే సరే, లేకుంటే గదికి తాళం వేసి మళ్లీ హైదరాబాదులో ఉద్యోగం వెతుక్కోవాలి. పది నెలలు గడిచేసరికి ఆ గదిలో తయారైనవి రెండు బడుల మార్కుల పట్టీలు, ఒక ఫంక్షన్ హాలు బుకింగులు. ఇది రెండువేల ఎనిమిదో సంవత్సరం సంగతి.

ఆ పెద్ద పని తెచ్చింది నేనే.

మిర్యాలగూడలో ధనుంజయ్ సేటుకు రైస్ మిల్లు ఉంది. త్రిపురారంలో పొలం కూడా ఉంది. ఎండాకాలంలో మా మందను ఆ పొలంలో పెట్టేవాళ్లం. కోతలైన మడిలో రాత్రిళ్లు గొర్రెల్ని పడుకోబెడితే, వాటి పెంటికలు నేలలో కలిసి తర్వాతి పంటకు బలమిస్తాయి. మూడేళ్ల కింద మా మంద, మాడుగులపల్లి వెంకన్న మంద కలిపి పెట్టాం. ఒకరోజు పొద్దున సేటు పొలానికొచ్చి, చుట్టుపక్కల రైతులు చూస్తుండగా, "ఎన్నుంటయ్ పరశురాములూ?" అన్నాడు. నేను చుట్ట వెలిగించాను. మంద వైపు ఒక్కసారి చూశాను. "నాలుగు వందల ఇరవై ఏడు" అన్నాను. దడిలో సందు తెరిచి ఒక్కొక్కదాన్నే బయటికి వదిలి లెక్కపెట్టారు. నాలుగు వందల ఇరవై ఏడు. అప్పట్నుంచి సేటు నన్ను ఎవరికి చూపించినా, "ఈయన కండ్లల్ల కాంటా ఉన్నది" అనేవాడు.

దీపావళి వెళ్లిన వారానికి స్రవంతిని ఆయన దగ్గరికి తీసుకుపోయాను. కోతల కాలంలో మిల్లు గేటు దగ్గర ట్రాక్టర్ల వరస, చేతిరాత చీటీలు, గుమస్తాల తగువులు. ఇవన్నీ పోయేలా కంప్యూటరు పెట్టాలని సేటుకు కోరిక. ట్రాక్టరు రావాలి, వడ్లతో తూగాలి, వడ్లు దించి ఖాళీగా మళ్లీ తూగాలి. మొదటి తూకంలోంచి రెండోది తీసేసి చీటీ దానంతటదే బయటికి రావాలి. ఇంతే.

"ఎన్ని దినాలల్ల అయితది బిడ్డా?" అన్నాడు సేటు.

"ముందుగాల రెండు వారాలు ఇయ్యండి సేట్. గేటు కాడ, కాంటా కాడ కూసొని పని ఎట్ల నడుస్తదో సూసి రాసుకుంటం. అటెన్క ఎన్ని దినాలో చెప్తం."

సేటు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "రెండు వారాలల్ల పనైతదంటున్నవా?"

"కాదు సేట్. ఎన్ని దినాలు పడతదో చెప్పనీకే రెండు వారాలు."

"చెప్పనీకే?"

"ఔ సేట్."

పక్కనున్న గుమస్తా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. చెయ్యి వెనక నవ్వు నాకు కనబడింది. నా ఒళ్లు మండింది. ఒక్క చూపు పరశురాములు మనవరాలు చెప్పడానికే రెండు వారాలు అడుగుతుందా? కిటికీలోంచి బయటికి చూశాను. ఒక గేటు, ఒక కాంటా, ఒక రేకుల షెడ్డు. సేటు గదిలో చుట్ట కాల్చకూడదు కాబట్టి వెలిగించకుండానే నోట్లో పెట్టుకున్నాను.

"ఇరవై దినాలు సేటూ" అన్నాను. "కోతలు జోరందుకునే యాళ్లకు నీ గేటు కాడ మిషన్ చీటీ కొడతది."

బల్ల కింద స్రవంతి నా కాలు తొక్కింది. సంతోషం పట్టలేక తొక్కిందనుకున్నాను.

"నీ మాట ఇదేనా? మనవరాలిది వేరేనా?" అన్నాడు సేటు.

"మా ఇంట్ల రెండు మాటలుంటయా?" అని చెయ్యి చాపాను. ఆయన చేతిలో చెయ్యి వేశాను.

మాలో ఒక పద్ధతి ఉంది. ఇంటి పెద్ద నలుగురిలో చేతిలో చెయ్యి వేశాడంటే ఇంట్లోవాళ్లెవరూ అక్కడ నోరెత్తరు. ఎత్తితే ఆ పెద్దమనిషి తలమీది తువ్వాల తీసి నేలకేసి కొట్టినట్టే. గొర్రెలు అమ్మినా, మంద పెట్టినా, సంబంధం కలుపుకున్నా ఇదే పద్ధతి. కంప్యూటర్ల సంగతికొస్తే ఈ పద్ధతి పనికిరాదని మాకెవరూ చెప్పలేదు. ఎంసీయే చదివినా స్రవంతి మా ఇంటి పిల్లే కదా. ఒక్కసారి నా వైపు చూసి తలదించుకుంది. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

తిరుగు బస్సు నేరేడుచర్ల దాటింది. అప్పుడు స్రవంతి మెల్లగా అడిగింది.

"తాతా, ఏం లెక్కవెట్టినవ్?"

"ఏమున్నదే లెక్కవెట్టనీకి? ఒక గేటు, ఒక కాంటా. ట్రాక్టరొస్తది, తూగుతది, వడ్లు దించుతది, పోతది."

"నువ్వు సూసింది కోతలు లేని దినం. గేటు కాడ కుక్క తప్ప ఎవలు లేరు."

"కుక్కను గూడ లెక్కల వేసిన."

నవ్వలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పింది. "పచ్చి వడ్లొస్తే ఏం జేస్తరు? తూకం నడిమిట్ల కరెంటు పోతే? ఒక్క బండిల ఇద్దరన్నదమ్ముల వడ్లుంటే? తూగినంక ధర నచ్చక రైతు మర్లిపోతనంటే? గివన్నీ నాకు తెల్వయ్. నీకు తెల్వయ్. సేటుకు గూడ సగమే తెలుసు. మిగిలిన సగం కాంటా కాడోళ్లకు తెలుసు, కానీ అడగందే వాళ్లకు యాదికి రాదు. కంప్యూటర్ల రాసుడు కాదు తాతా కష్టం. ఏం రాయాల్నో తెలుసుకునుడు కష్టం. అది తెల్వకముందు చెప్పేది లెక్క కాదు. ఉత్తగ నోటికొచ్చిన మాట."

"నా నోటికొచ్చింది ఎన్నడన్న తప్పిందా?" అన్నాను.  పొగాకు నలుసు పడినట్టు దగ్గి, తువ్వాలతో మూతి తుడుచుకున్నాను.

మర్నాటి నుంచి ఆడపిల్లలిద్దరూ రోజూ సూర్యాపేట నుంచి మిర్యాలగూడకు బస్సులో వచ్చేవాళ్లు. పెద్దదిక్కుగా నేనూ మా ఊరి నుంచి పోయేవాణ్ణి. పెద్దదిక్కు చేసే పనేమిటంటే కాంటా పక్క నీడలో కూర్చుని, వచ్చేపోయేవాళ్లకు లారీ గొర్రె కథ చెప్పడం.

కాంటా చూసే మనిషి పేరు ఫకీరా. దగ్గరి తండా నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. పద్దెనిమిదేళ్లుగా ఆ కాంటా ఆయన చేతిలోనే ఉంది. మాట తక్కువ. స్రవంతి ఒకవైపు కంప్యూటరులో రాస్తూనే, మరోవైపు ఆయన్ను అడుగుతూ ఉండేది. మూడో రోజు తెలిసింది, పచ్చి వడ్లకు తేమ చూసి తూకంలో కొంత తగ్గిస్తారని. ఆరో రోజు తెలిసింది, ఒక ట్రాలీలో ఇద్దరి వడ్లుంటే మధ్యలో గోనెసంచులు అడ్డం పెట్టి తెస్తారని, చీటీలు రెండు కావాలని. అలాంటిదొకటి బయటపడినప్పుడల్లా ఎర్ర పెన్నుతో రాసుకునేది. రాసింది సగం చెరిపి మళ్లీ రాసేది.

"గిదొక్కటే కదనే, అయిపాయె" అనేవాణ్ణి నేను.

"తాతా, రోజూ గిదొక్కటే అంటున్నవ్" అనేది.

పదకొండో రోజు జరిగిందే అసలు సంగతి. ఆవరణలో ఒక ట్రాలీ ఒంటరిగా నిలబడి ఉంది. దాని పక్కరేకు మీద సుద్దముక్కతో రెండు నిలువుగీతలు, ఒక సున్నా. స్రవంతి దాని ముందు ఆగింది.

"ఫకీరా మామా, గీ గీతలేంది?"

ఫకీరా బీడీ నోట్లోంచి తీశాడు. చెప్పబోయాడు. దినాలు దగ్గరపడుతున్నాయని నాకు లోపల ఒకటే గుబులు. ఎర్ర పెన్నుకు ఇంకో పని దొరుకుతుందేమోనని భయం.

"హమాలీలు ఆడుకునే గీతలవి. వాటిని గూడ రాసుకుంటవా? నడువ్ నడువ్, పని సూడు" అన్నాను.

ఫకీరా నా వైపు చూశాడు. సేటు పక్కన కూర్చోబెట్టుకునే పెద్దమనిషిని, పైగా వయసులో పెద్దవాణ్ణి. బీడీ మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు. స్రవంతి ఆ గీతల్ని ఇంకోసారి చూసి వెళ్లిపోయింది.

ఇరవయ్యో రోజు వచ్చింది. అప్పటికి కోత మిషన్లు మళ్లలో తిరుగుతున్నాయి. మనవరాలి కంప్యూటరు చూపిద్దామని నా ఇల్లాలు రాములమ్మను కూడా తీసుకుపోయాను. బతుకమ్మకు కట్టిన చీర కట్టుకుని, నడుముకు వక్కల సంచి దోపుకుని వచ్చింది. స్రవంతి కళ్లు ఉబ్బి ఉన్నాయి. "ఇంకో పది దినాలుంటే మంచిగుండు తాతా" అంది. "మాటంటే మాటే" అన్నాను. ఎవరి మాట, ఎవరు మోస్తున్నారు!

పొద్దున మొదటి పది చీటీలు చక్కగా వచ్చాయి. ప్రింటరు గిరగిరమంటుంటే ఆ చప్పుడు నేనే చేస్తున్నట్టు మీసం దువ్వుకున్నాను. రాములమ్మ చెవిలో, "సూసినవా, నేను చెప్పిన దినానికే" అన్నాను. ఆమె నా వైపు అదోలా చూసి వక్క నోట్లో వేసుకుంది.

పదకొండు దాటాక కాంటా దగ్గర కేక వినబడింది. త్రిపురారం రైతు పాండు చేతిలో చీటీ ఊపుతున్నాడు.

"మూడు క్వింటాళ్లా? ట్రాలీ అంచుల దాక వోసుకొస్తే మూడు క్వింటాళ్లా? మిగిలినయి నీ మిషన్ దిన్నదా?"

ఆయన వెనకే ఇంకొకడు. వాడికి ఐదు క్వింటాళ్లని వచ్చింది. ఆ తర్వాత వచ్చినవాడికి చీటీ మీద అంకె ముందు ఒక చిన్న అడ్డగీత కూడా పడింది. "అంటే నేనే సేటుకు ఎదురు వడ్లియ్యాల్నా?" అని వాడు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

జరిగిందేమిటంటే, కోతల జోరులో ఒకే ట్రాక్టరు మూడు ట్రాలీలను మార్చి మార్చి లాగుతుంది. నిండు ట్రాలీ తెచ్చి, తూచి, ఆవరణలో విప్పేసి, ఇంకో నిండు ట్రాలీ కోసం పొలానికి పోతుంది. నంబరు ఉండేది ట్రాక్టరుకే, ట్రాలీకి ఉండదు. కంప్యూటరుకు తెలిసింది ట్రాక్టరు నంబరొక్కటే. అదే ట్రాక్టరు రెండోసారి కాంటా ఎక్కగానే ఖాళీగా వచ్చిందనుకుంది. ఒక నిండు బండి తూకంలోంచి ఇంకో నిండు బండి తూకం తీసేసి చీటీ కొట్టింది.

స్రవంతి ఆ మూడు చీటీలు పక్కపక్కన పెట్టుకుని చూసింది. ముఖం తెల్లబడింది. ఫకీరా ఆమె పక్కకు వచ్చి చొక్కా జేబులోంచి సుద్దముక్క తీశాడు.

"బిడ్డా, గిందుకే గా గీతలు. ఏ ట్రాలీకి ఏ గుర్తుందో సూసి దాని ఖాళీ తూకం దానికే రాస్తం. ఆ దినం నీకు చెప్దామనుకున్న" అన్నాడు.  నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

ట్రాక్టర్ల వరస మెయిన్ రోడ్డు దాకా పాకింది. హారన్లు, తిట్లు. పచ్చి వడ్లు ఎండలో మగ్గి వాసన మొదలైంది. సేటు గదిలోంచి బయటికొచ్చాడు.

"ఇరవై దినాలంటిరి కదమ్మా!"

ఆ పిల్ల వేలు చూపిస్తే చాలు. అన్నది నేను కాదు, అదిగో ఆ ముసలాయన అంటే చాలు. నలభై మంది తలలు నా వైపు తిరిగేవి.

"ఔ సేట్. మేమే ఒప్పుకున్నం. తప్పు మాదే" అంది.

"ఎత్తుండ్రి మీ సామాను."

గోపిక ఏడుస్తూ ప్లగ్గులు పీకింది. స్రవంతి ఏడవలేదు. వైరు ఒక కొస చేతిలో పట్టుకుని, మోచేతికి చుట్టుకుంటూ, మా ఇంట్లో చేంతాడు చుట్టినట్టు నిదానంగా చుట్టింది. ఫొటో స్టూడియో మీది గది ఆ వైరుతోపాటు చుట్టుకుపోతున్నట్టే ఉంది.

నేనెక్కడున్నానంటే గోనెసంచుల మోపుల వెనక. చెప్పులోకి రాయి దూరినట్టు వంగి ఉన్నాను. ఎంతసేపు వంగినా ఆ రాయి దొరకలేదు, ఎందుకంటే అది లేదు.

చివరికి ఉండబట్టలేక బయటికొచ్చాను. అందరికీ కనబడేలా ఖాళీ ట్రాలీ మీదికెక్కి నిలబడ్డాను.

"సేటూ! ఇరవై దినాలన్నది నేను, ఆ పొల్ల కాదు. ఆమె సూడనీకి రెండు వారాలడిగింది. నేనే నడిమిట్ల దూరి చెయ్యి కలిపిన. సుద్దగీతలేందని అడిగితే నోరు మూయించింది గూడ నేనే. ఇంకోటి ఇనుండ్రి. నా బతుకుల ఒక్క చూపుల ఏ మందనూ లెక్కవెట్టలే!"

హారన్లు ఆగాయి.

అసలు సంగతి అప్పుడు చెప్పాను, ఇప్పుడు మీకూ చెప్తున్నాను. త్రిపురారంలో సేటు అడగడానికి ముందు మూడు సాయంత్రాలు నేను ఆ దడి సందు దగ్గరే కూర్చున్నాను. గొర్రెపిల్ల గిట్టలో ముల్లు తీస్తున్నట్టు నటన. మంద లోపలికి పోతుంటే పది గొర్రెలకొకసారి దగ్గేవాణ్ణి. దగ్గినప్పుడల్లా పక్కనున్న రాములమ్మ ఒక చింతగింజ సంచిలో వేసేది. మొదటి సాయంత్రం నాలుగు వందల పంతొమ్మిది వచ్చాయి. రెండో సాయంత్రం నాలుగు వందల ముప్పై ఒకటి. పిల్లలు తల్లుల కాళ్ల సందుల్లోంచి దూరిపోతుంటే లెక్క తప్పేది. మూడో సాయంత్రం పిల్లల్ని వేరే చేసి, తల్లుల్ని వేరే పంపి లెక్కపెట్టాను. నలభై రెండు గింజలు, మీద ఏడు వేళ్లు. ఆ రాత్రే వెంకన్నతో, "పొద్దున సేటొస్తే మందెంతని నన్ను అడిగించు" అని చెప్పిపెట్టాను. చుట్ట వెలిగించి రెండు దమ్ములు లాగడం మాత్రం నిజం. దమ్ము లాగేది ఇరవై ఏడా, ముప్పై ఏడా అని గుర్తు తెచ్చుకోవడానికి.

రాములమ్మ వక్కల సంచిలో వామనగుంటలు ఆడుకునే చింతగింజలు ఎప్పుడూ ఉంటాయి. ఆ సంచి సేటు కాళ్ల ముందు బోర్లించాను. గింజలు కాంటా రేకు మీద టపటపమని దొర్లాయి.

మొదట నోరు తెరిచింది పాండు. "అరే పెద్దమనిషీ, ఆ దినం మంద కాడ నీకు వంగి దండం వెట్టిన కద! నా దండం నాకు మర్ల ఇయ్యి!"

వరసంతా గొల్లుమంది. రోడ్డు మీది ట్రాక్టర్లవాళ్లు ఏమిటేమిటని అడిగి, తెలుసుకుని, వాళ్లూ నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ పూర్తిగా ఆగలేదు. మా చుట్టుపక్కల ఊళ్లలో ఈనాటికీ నా పేరు చింతగింజల తాత. మొదట్లో చెప్పానే, ఎవరినైనా అడగండి పరశురాములు పేరే చెప్తారని, అది వెనక్కి తీసుకుంటున్నాను. అడగకండి.

సేటు నవ్వలేదు. ఒక గింజ తీసి చేతిలో తిప్పుతూ అడిగాడు. "నాలుగు వందల గొర్లకు మూడు దినాలు పట్టిందా?"

"పట్టింది."

"మరి నా మిల్లుకు రెండు వారాలు ఎక్కువెట్లయినయ్?"

దానికి జవాబు లేదు. ఆనాడూ లేదు, ఈనాడూ లేదు.

సేటు స్రవంతి వైపు తిరిగాడు. "ఈ కోతలకు ఫకీరా సుద్దముక్కే నడుస్తది. కోతలైనంక తీరికగ రాండ్రి, కూసొని సూసుకోండ్రి."

"కోతలైనంక ఏం కనపడతది సేట్? మల్ల కుక్కనే సూడాలె" అంది స్రవంతి. "కంప్యూటరు తీసుకపోతం. మేం మాత్రం ఉంటం. ఫకీరా మామ పక్కన ఒక నోట్‌బుక్కు పట్టుకొని కూసుంటం. దేనికీ అడ్డం రాం."

సామాను ఎత్తెయ్యమన్న చోటే కూర్చుంటానంటున్న పిల్లను సేటు ఎగాదిగా చూశాడు. "కూసో" అన్నాడు.

ఇరవై రెండు రోజులు కూర్చుంది. కోతలు అయిపోయేదాకా. ఫకీరా గీసే గుర్తులన్నీ నోట్‌బుక్కులోకి ఎక్కాయి. నేను నీడలోనే ఉన్నాను కానీ లారీ గొర్రె కథ చెప్పలేదు, నోరు మూసుకునే పని నేర్చుకుంటున్నాను. ఇరవై మూడో రోజు సేటు గదిలోకి పోయి, "డెబ్బై నుంచి తొంభై దినాలు" అంది.

"ఒక్క అంకె చెప్పరాదు?" అన్నాడు సేటు.

"ఒక్క అంకె కావాల్నంటే మా తాతనడుగుండ్రి."

ఎనభై ఆరు రోజులు పట్టింది. ఎండాకాలం పంటైన యాసంగి కోతలకు మిల్లు గేటులో చీటీలు సరిగ్గా వచ్చాయి. ప్రతి ట్రాలీకి ఒక ఇనపరేకు బిళ్ల, దాని మీద నంబరు. అది ఫకీరా చెప్పిన ఉపాయం. సూర్యాపేట గదికి తాళం పడలేదు. ఏడాది గడువు సంగతి నా కొడుకు ఎత్తబోయాడు కానీ రాములమ్మ అతని వైపు ఒక చూపు చూసింది. ఇది మాత్రం నిజంగానే ఒక్క చూపు.

ఇక ఇందులో నేను కల్పించిందొకటి ఉంది. లారీలో ఈనిన గొర్రె అనుకుంటున్నారేమో. దాన్ని మీరు నమ్మితే ఆ తప్పు మీది. నేను చెప్పేది వేరేది.

సంచుల వెనక నుంచి నేను బయటికి రాలేదు.

ట్రాలీ ఎక్కలేదు. నా మోకాళ్లు ట్రాలీ ఎక్కుతాయా? ఆ నలభై మంది ముందు నిలబడి ఇరవై దినాలన్నది నేనని చెప్పింది నేను కాదు. రాములమ్మ. స్రవంతి వైరు చుడుతుంటే చూడలేక, నడుముకున్న సంచి తీసి, "గీ ముసలోని మాట నమ్మి నా మనవరాలినంటవా సేటూ?" అని గింజలు కుమ్మరించింది. దగ్గుల సంగతి, ముల్లు సంగతి, వెంకన్న సంగతి అన్నీ తనే చెప్పింది. పాండు దండం మర్ల ఇమ్మని అరిచింది సంచుల మోపుకేసి. సేటు అడిగినదానికి జవాబు లేదన్నాను చూడండి, అక్కడ లేనివాడు జవాబెలా ఇస్తాడు? అంతా సద్దుమణిగాక స్రవంతి నా దగ్గరికి వచ్చింది. నేనింకా వంగే ఉన్నాను.

"నడువు తాతా, బస్సుకు టైమయితుంది" అంది.

ఆ తర్వాత ఈ కథ నేను వందసార్లు చెప్పి ఉంటాను, ప్రతిసారీ ట్రాలీ ఎక్కాను. స్రవంతి పక్కనే కూర్చుని విన్న రోజులున్నాయి. ఒక్కసారి కూడా కాదనలేదు. నలుగురిలో నా మాట కొట్టెయ్యడం ఆ పిల్లకు ఇప్పటికీ చేతకాదు. అందుకే నేనే కొట్టేస్తున్నాను.